నీళ్ళమరోళ్ళ కోడలు

మొన్న దసరా సెలవుల్లో మా స్కూలు టీచర్లమంతా ఒక మినీ బస్సు మాట్లాడుకుని ధర్మవరం నుంచి విహారయాత్రకు బయలుదేరాం. ఎక్కడికి పోవాలన్న చర్చ స్టాఫ్ రూములో చాలా రోజులే నడిచింది. చూడని గుడి లేదు, ఎక్కని కొండ లేదు. చివరికి లెక్కల టీచరు, ఈ మధ్యే పెళ్ళి కుదిరిన పిల్ల, ఫోన్లో ఒక ఫోటో చూపించింది. "పెనుకొండ దాటినాక హిందూపురం పక్క ఉండాదంట మేడమ్. పాతకాలం నీళ్ళమర. చక్రం ఇప్పటికీ తిరుగుతాండాదంట. బెంగుళూరోళ్ళంతా వచ్చి ఫోటోలు తీసుకుంటాండారు." ఫోటోలోని చక్రాన్ని నేను గుర్తుపట్టలేదు గానీ దాని వెనక ఉన్న చెరువుకట్టను గుర్తుపట్టాను. అది మా ఊరి చెరువు. ఆ మర మా ముత్తాత కట్టించింది. ఈ సంగతి చెబితే దారి పొడుగునా నేనే ఉపన్యాసం ఇవ్వాల్సి వస్తుందని నోరు మూసుకుని బస్సెక్కాను. పంతులమ్మ నోటికి సెలవు రోజన్నా సెలవుండాలి కదా.

రిసార్టు గేటు దగ్గర ఒక కుర్రవాడు టికెట్టు చించి, మా అందరి చేతులకూ రంగు కాగితం పట్టీలు చుట్టాడు. "మా ఊరికి ముందెప్పుడన్నా వచ్చినారా మేడమ్?" అని మర్యాదగా అడిగాడు. "ఒకసారి వచ్చినాలేప్పా" అన్నాను. పుట్టడానికి వచ్చానని చెప్పలేదు. లోపల లాన్ వేశారు, ఊయల బల్లలు వేశారు, మా పశువుల కొట్టం ఉన్న చోట కాఫీ హోటలు పెట్టారు. ఇక ఆ చక్రం. ఇనప చక్రానికి చెక్కలాగా కనబడే రంగు కొట్టి, పైన ఒక తొట్టి కట్టి, బోరుబావి మోటారుతో ఆ తొట్టికి నీళ్ళెక్కిస్తున్నారు. తొట్టి నుంచి చక్రం మీద పడ్డ నీళ్ళు కింది గుంతలోకి, గుంతలోంచి మళ్ళీ తొట్టిలోకి. మా ముత్తాత నీళ్ళతో చక్రం తిప్పి పిండి పట్టాలనుకున్నాడు. వీళ్ళు కరెంటుతో నీళ్ళు తిప్పి, నీళ్ళతో చక్రం తిప్పి, ఆ చక్రంతో ఏమీ తిప్పడం లేదు. మేం చూస్తుండగానే కరెంటు పోయింది. చక్రం ఆగింది. జనరేటరు మొదలయ్యేదాకా అందరూ సెల్ఫీలు ఆపి ఓపిగ్గా నిలబడ్డారు. నాకు మాత్రం ఆ ఆగిన చక్రమే మా ఇంటి చక్రంలాగా కనబడింది.

మా అసలు ఇంటి పేరు వేరే ఉంది గానీ అది రేషన్ కార్డులో తప్ప ఎవరి నోటా వినబడేది కాదు. ఊళ్ళో మమ్మల్ని నీళ్ళమరోళ్ళు అనేవారు. ఆ మరకు నీళ్ళు లేవన్నది వేరే సంగతి. మా ముత్తాత బెల్లం బండ్లు తోలుకుని కన్నడ దేశంలో మలనాడు కొండల దాకా పోయాడట. అక్కడ వాగు నీళ్ళతో తిరిగే పిండిమరను చూశాడట. తిరిగొచ్చినప్పటి నుంచి మనిషికి తిండి సయించలేదు, నిద్ర పట్టలేదు. ఆ వాగులో ఏడాది పొడుగునా నీళ్ళుంటాయనీ, మన చెరువుకు దేవుడు గుర్తుపెట్టుకుంటేనే నీళ్ళొస్తాయనీ ఆయనకు చెప్పిన వాళ్ళు లేకపోలేదు. చూసొచ్చిన వాడికి చూడనివాళ్ళ మాట చెవికెక్కుతుందా? చెరువు తూము కింద రాతి గది కట్టించాడు. టేకు చక్రం చేయించాడు. గుండ్రంగా రెండు పెద్ద రాళ్ళు కొట్టించాడు. కింది రాయి కదలదు, పైరాయి తిరుగుతుంది, పైరాయి నడుమ కన్నులోంచి గింజలు పోయాలి. అప్పుడు చెరువు నిండుగా ఉంది, మర తిరిగింది. గోరంట్ల నుంచీ గుడిబండ నుంచీ బండ్లు కట్టుకుని వచ్చి చూసిపోయారని మా ఇంట్లో చెప్పుకునేవారు. ఆ ఒక్క చెరువు నీళ్ళతో మా వంశం ఇంకో మూడు తరాలు గొప్పలు చెప్పుకుంది.

ఆ సంబరంలోనే ముత్తాత తన కొడుక్కి పెళ్ళి చేశాడు. కొత్తచెరువు పక్క పల్లె నుంచి పిల్లను తెచ్చాడు. ఆ పిల్లే మా అవ్వ. పేరు గంగమ్మ. ఆమె కాపురానికొచ్చిన ఏడు వానలు పడలేదు. చెరువు నెర్రెలిచ్చింది, మర నిలిచింది. మరుసటేడూ అంతే. మామూలుగా అయితే ఇలాంటప్పుడు ఆకాశం వైపు చూస్తారు. మా ముత్తవ్వ కోడలి కాళ్ళ వైపు చూసింది. చూస్తే ఏముంది, కాలి బొటనవేలి కంటే పక్కవేలు పొడుగ్గా ఉంది! "పెండ్లిచూపులప్పుడు చీర కుచ్చిళ్ళు దించుకుని మోసం చేసిరి. ఈ కాలు పెట్టినాక చెరువులో నీళ్ళు నిలుస్తాయా?" అని ముత్తవ్వ వాకిట్లో నిలబడి ఊరందరికీ తీర్పు వినిపించింది. ఊరు ఒప్పుకుంది. ఒప్పుకోక ఏం చేస్తుంది? వాన దేవుణ్ణి తిట్టుకుందామంటే ఆయన వినబడేంత దూరంలో లేడు. కోడలు ఇంట్లోనే, పిలిస్తే పలికే దూరంలో ఉంది. మా తాలూకా కరువు భారమంతా పద్నాలుగేళ్ళు నిండని పిల్ల కాలి వేలి మీద పడింది.

నాకు ఊహ తెలిసేసరికి ముత్తవ్వ లేదు, తాత లేడు. మర గది పక్కనే తాత తెచ్చిపెట్టిన డీజిల్ ఇంజన్ ఉండేది, దాన్ని మా నాయన నడిపేవాడు. గోడ మీద మాత్రం నీలం రంగుతో "నీళ్ళ మర" అని పాత అక్షరాలు అలాగే ఉండేవి. ఏటా సున్నం వేసేటప్పుడు ఆ అక్షరాల చుట్టూ జాగ్రత్తగా వేయించేవాడు నాయన. ఇంకో విడ్డూరం ఏమంటే ఆ ఇంజను చల్లారడానికి పక్కన డ్రమ్ము నిండా నీళ్ళుండాలి. ఆ నీళ్ళు నేనూ అమ్మా ఊరి చివరి చేతిపంపు నుంచి బిందెలతో మోసేవాళ్ళం. పంపు దగ్గర వరసలో నిలబడితే "యాడికే ఇన్ని నీళ్ళు?" అని అడిగేవాళ్ళు. "నీళ్ళమరకు" అని చెబితే నవ్వేవాళ్ళు. అందులో నవ్వాల్సింది ఏముందో నాకు అప్పుడు తెలిసేది కాదు.

తెల్లారి నాయన ఇంజను చక్రం పట్టుకుని ఊపు ఇచ్చి తిప్పితే అది ముందు దగ్గి, తుమ్మి, నల్లటి పొగ వదిలి, తర్వాత టుకుటుకుమని దారిన పడేది. ఆ శబ్దం విని ఊరి ఆడవాళ్ళు డబ్బాలు, గంపలు నెత్తిన పెట్టుకుని వచ్చేవారు. డీజిల్ వాసన, వేడి రాగిపిండి వాసన, గోనెసంచుల వాసన కలిసి ఒక వాసన ఉండేది. ఇప్పటికీ ఎక్కడైనా డీజిల్ బస్సు పొగ తగిలితే నాకు సంగటి ముద్ద గుర్తొచ్చి ఆకలేస్తుంది. నాయన సాయంత్రానికి కనురెప్పల దాకా పిండితో తెల్లగా అయిపోయి, అమ్మకు తప్ప ఎవరికీ ఆనవాలు తెలియకుండా ఉండేవాడు. మరకు కొన్ని కట్టుబాట్లుండేవి. ముందు బియ్యం, తర్వాత జొన్నలు, తర్వాత రాగులు, మిరపకాయలు అన్నిటికంటే ఆఖర్న. మొదట పోసినవాళ్ళ గింజలు కొంత మర మింగేస్తుంది కాబట్టి ఎవరూ ముందు పొయ్యరు. మేరమ్మ వెనకాల కూడా కొందరు పొయ్యరు. మేరమ్మ కూలికి పోయే మనిషి, ఆదివారం చర్చికి పోయే మనిషి. ఆమె రాగులు ఆడిన తర్వాత గుప్పెడు తవుడు పోసి మరను శుద్ధి చేస్తే గానీ పెద్దింటి ఆడవాళ్ళ గింజలు కదిలేవి కాదు. ఆ తవుడు ఎవరి పొలంలోదో, ఎవరి చేత్తో చెరిగిందో ఎవరూ అడగరు. మేరమ్మ మాత్రం గోడకు ఆనుకుని నవ్వుతూ, "పొయ్యండమ్మా పొయ్యండి, నా పిండి కొంచెం మీ డబ్బాలోకి ఎట్లైనా వస్తాది. రాతికేం తెలుసు?" అనేది.

ఈ వరసలో నిలబడ్డవాళ్ళకు కాలక్షేపం వానల గురించి మాట్లాడుకోవడం. వానల మాట ఎక్కడ మొదలైనా మా అవ్వ కాలి దగ్గరకు వచ్చి ఆగేది. వినబడేటట్టు ఎవరూ అనరు, వినబడకుండానూ అనరు. అవ్వ జల్లెడ పడుతూ తల ఎత్తేది కాదు. కూర్చుంటే చీర అంచు కాలివేళ్ళ మీదికి లాక్కునేది. అది ఆమెకు చెమట తుడుచుకోవడమంత అలవాటు. ఊళ్ళో ఎవరింట్లో పెళ్ళయినా పందిట్లోకి పోకుండా బయట గోడవారన నిలబడి అక్షింతలు విసిరి వచ్చేది. విత్తనం వేసే రోజు చేను గట్టు దాటేది కాదు. మా సొంత ఇంట్లో ఆవు ఈనినా పెరటి దోవన వచ్చి చూసేది. ఏ ఇంటి గడపా మా అవ్వ అందరికంటే ముందుగా దాటగా నేను చూడలేదు. ఆ వయసులో నాకు అది ఆమె నెమ్మదితనం అనిపించేది.

నేను హైస్కూల్లో ఉండగా మా నాయన బాత్రూము కట్టించడం మొదలుపెట్టాడు. ఊళ్ళో అప్పుడప్పుడే బాత్రూములు వస్తున్నాయి. నిలబడి నీళ్ళు పోసుకోవడానికి మంచి బండ కావాల్సి వచ్చి, మర గది వెనక తుప్పల్లో పడి ఉన్న పాత మర పైరాయి మీద ఆయన చూపు పడింది. అవ్వ వద్దంది.

"అరవై ఏండ్ల నుంచి ఆడ్నే పడుండాది గదమ్మా. నీళ్ళు పొయ్యేకి నడుమ బొక్క కూడా ఉండాది. బాత్రూముకని దేవుడే చేసినట్ల ఉండాది" అన్నాడు నాయన.

"చెరువు నిండితే మర తిప్పల్ల. రాయి లేకపోతే యా మొగంతో తిప్పేది?"

"చెరువు నిండేది, మర తిరిగేది! ఏమమ్మా, నీకు ఎండ దెబ్బ తగిలిందా?"

మరుసటి పొద్దున గడ్డపారలు పట్టుకుని నలుగురు కూలీలు పోయేసరికి రాతికి పసుపు పూసి ఉంది. కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. నడుమ కన్నులో మట్టి ప్రమిద వెలుగుతోంది. కూలీలు గడ్డపారలు కింద పెట్టి లెంపలేసుకున్నారు. పసుపు పూసిన రాతి మీద చెయ్యేసే మొగవాడు మా తాలూకాలో ఇంకా పుట్టలేదు. మా నాయన కాసేపు రాతి వైపు, కాసేపు తల్లి వైపు చూసి, బాత్రూముకు సిమెంటు వేయించుకున్నాడు. ఆ సాయంత్రం నేను చూస్తే అవ్వ గోళ్ళు పచ్చగా ఉన్నాయి. "రాయిని కాపాడుకోవల్లంటే అది రాయని చెప్పకూడదు పాపా" అంది. తర్వాత ఆమె ఎప్పుడూ అనని మాట అంది. "ఒక్కసారి తిరిగితే సాలు. నేను కాలు పెట్టినాక నిలిచిపాయ అన్నారు గదా. నేను పోకముందే, నా కాలు ఈ ఊర్లో ఉండంగానే తిరిగిందని గూడా అనల్ల."

ఆమె లెక్కలో లేని మనిషి ఒకడున్నాడు, నారప్ప. ఆయనకు పొలం ఉంది గానీ దాంట్లోకి పోయే అలవాటు లేదు. రోజూ మా మర దగ్గరకొచ్చి బీడీ కాలుస్తూ లోకం సంగతులు మాట్లాడి పోయేవాడు. పసుపు రాయి చూసి ఆయన మొదటిరోజు రెండు ఊదుబత్తులు గుచ్చాడు. మరునాడు టెంకాయ కొట్టాడు. కొద్దిరోజులకు బీడీ మానేసి బొట్టు పెట్టుకుని, అమ్మవారు కలలో కనబడి తన పేరు తిరుగలమ్మ అని చెప్పిందన్నాడు. పని లేని మనిషికి పని దొరికిందని ఆయన భార్యే అందరికంటే ముందు మొక్కింది. ఇక చూసుకోండి. ఒకరి తప్పిపోయిన మేక ఇల్లు చేరింది, తిరుగలమ్మ దయ. ఒకరి కొడుకు పదో తరగతి పాసయ్యాడు, తిరుగలమ్మ దయ. ఫెయిలయిన వాళ్ళు మొక్కు సరిగ్గా చెల్లించలేదు. రేకుల కప్పు వేశారు, గంట కట్టారు, గుడి కమిటీ పెట్టారు. కమిటీ ప్రెసిడెంటుగా రాయి ఉన్న స్థలానికి యజమాని అయిన మా నాయననే ఎన్నుకున్నారు. ఆ రాతి మీద నిలబడి నీళ్ళు పోసుకోవాలనుకున్న మనిషి ఇప్పుడు శుక్రవారం శుక్రవారం దాని ముందు భుజాన తువ్వాలు తీసి నిలబడేవాడు. పదవి మనిషికి భక్తి నేర్పుతుంది.

రాయి ఇక చేతికి రాదేమోనని అవ్వకు భయం పట్టుకుంది. ఒకరోజు మర దగ్గర ఆడవాళ్ళను కూర్చోబెట్టి నిజం చెప్పేసింది. "అది అమ్మవారు గాదే, రాయి. బాత్రూముకు పోకుండా నేనే పసుపు రాసినా."

ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుని, చేతులు జోడించారు. "అమ్మే నీ చేత రాయించుకుంది గంగమ్మవ్వా. లేకపోతే నీకెందుకు తోస్తాది?"

అవ్వ మళ్ళీ జల్లెడ అందుకుంది.

ఆ ఏడు, తుపాను పట్టి, మా సీమ మొహం ఎరగని వాన కురిసింది. చెరువు నిండి కట్ట చివర మిగులు నీళ్ళు పోయే మరవ మీదుగా పొర్లిపారింది. పెనుకొండ నుంచి కూడా జనం సైకిళ్ళేసుకుని వచ్చి, పారే నీళ్ళను చూసి, కాళ్ళు తడుపుకుని పోయారు. ఊరంతా తిరుగలమ్మకు వేటలు కోసింది. అవ్వ మాత్రం వడ్రంగిని పిలిపించింది. తన చెవుల కమ్మలు తీసి కోడలి చేతిలో పెట్టి, చక్రం చేయించమంది. మా అమ్మ పోయి వాటిని అమ్మి ఆ పని చేయించింది. మా నాయన రోజూ తల కొట్టుకున్నాడు గానీ అడ్డుపడలేదు. చక్రం సిద్ధమైంది, ఇరుసు సిద్ధమైంది, తూములోంచి కాలువకు నీళ్ళు వదిలేశారు. కింది రాయి గదిలోనే ఉంది. పైరాయి కావాలి. పైరాయి గుళ్ళో కూర్చుని ఉంది.

"అమ్మవారి చేత రాగులు ఇసిరిస్తావా అవ్వా? కండ్లు పోతాయి!" అని నారప్ప గుడి గడపకు అడ్డంగా కూర్చున్నాడు. ఊరు ఆయన వెనక నిలబడింది. నాయన ప్రెసిడెంటు కాబట్టి ఊరి వెనక నిలబడ్డాడు. వేరే రాయి కొట్టిద్దామంటే అది వచ్చేసరికి వరి కోతకొస్తుంది, చెరువు నీళ్ళు చూసే నీరుగంటి తూము మూసేస్తాడు. మళ్ళీ ఎప్పుడు నిండుతుందో ఆ చెరువుకే తెలియదు. ఎవరూ తాకకుండా రాయిని కాపాడుకోవాలని అవ్వ వేసిన ఎత్తు ఎంత బాగా పారిందంటే, చివరికి ఆమె కూడా తాకడానికి లేకుండా పోయింది. ఆ దినాల్లో అవ్వ సరిగ్గా తినలేదు. కాలువ గట్టున కూర్చుని, ఉత్తినే పారిపోతున్న నీళ్ళను చూస్తూ ఉండేది. ఆ నీళ్ళను చూస్తే నాకే ఏడుపొచ్చేది.

శుక్రవారం వచ్చింది. గుడి దగ్గర జనం నిండుగా ఉన్నారు. అవ్వ ఎప్పటిలాగా గోడవారనే నిలబడి, కొంచెం గొంతు పెంచి అడిగింది. "నారప్పా, తెలవక అడుగుతాండా. ఊరంతా అమ్మ చుట్టూ తిరుగుతాండారు. అమ్మ ఎప్పుడన్నా తిరిగిందా?"

"అమ్మ ఎందుకు తిరగల్ల?"

"పేరు తిరుగలమ్మ అని నువ్వే చెప్తివి గదప్పా. పక్కూరి మారెమ్మను ఏటా బండి మీద ఊరేగిస్తారు. ఈయమ్మను కూసోబెట్టిన తావులోనే కూసోబెట్టినారు. ఆయమ్మకు కాళ్ళు తిమ్మిరెక్కవా? నీళ్ళు తెచ్చిచ్చిన తల్లిని నీళ్ళతో ఒక దినం ఊరేగించరా? ఒడిబియ్యం పొయ్యరా?"

జనంలో గుసగుస మొదలైంది. నిజమే కదా. ఏ ఊళ్ళోనైనా అమ్మవారు ఏడాదికొకసారన్నా బయటికొస్తుంది. ఒడిలో బియ్యం పోయించుకుంటుంది. ఈమెకు ఒడి కూడా ఉంది, నడుమనే, గుండ్రంగా. అందులో బియ్యమే పోయాలని ఎక్కడా లేదు, రాగి సీమ అమ్మవారు రాగులు కాదంటుందా? నారప్పకు తన కల తనకే అడ్డం తిరిగింది. కాసేపు కళ్ళు మూసుకుని, అమ్మను అడిగి, సరేనంది అన్నాడు. రాగులు ఇసరడమైతే మహాపాపం. రాగులతో ఒడి నింపి అమ్మను ఊరేగిస్తే, ఆ ఊరేగింపులో పిండి రాలితే, అది ప్రసాదం. మా ఊరికి ధర్మసందేహం ఎప్పుడూ ఎక్కువసేపు నిలవదు.

పలకలు మోగించుకుంటూ రాతిని బండి మీద తెచ్చారు. ఇరుసు మీద కూర్చోబెట్టారు. నారప్ప కన్నులో రాగులు పోశాడు. నీళ్ళు చక్రం మీద పడ్డాయి. చక్రం కదలలేదు. కొత్త చెక్క నీళ్ళు తాగి ఉబ్బి ఎక్కడో పట్టేసిందని వడ్రంగి అంటున్నాడు గానీ వినేవాళ్ళెవరు? పలకలు ఆగిపోయాయి. ఒక ముసలమ్మ గొంతు మెల్లగా, అందరికీ వినబడేటట్టు లేచింది. "ఆయమ్మను ఈడికెవరు రానిచ్చిరి?" అందరూ తిరిగి అవ్వను చూశారు. అవ్వ చీర అంచు కాళ్ళ మీదికి లాక్కుంది. మాట్లాడింది మేరమ్మ. గట్టు కింద, దూరంగా, ప్రసాదం పిండి కోసం డబ్బా పట్టుకుని నిలబడి ఉంది. "ఏమవ్వా, అట్ల చూస్తా నిలబడితివి? నిలిపింది నీ కాలే అంటాండారు గదా. అదే కాలితో పోయి ఒక్క తన్ను తన్నిరాపో!"

మా అవ్వ నవ్విందో, పళ్ళు కొరికిందో నాకిప్పటికీ తెలియదు. చీర మోకాళ్ళ దాకా ఎత్తి కట్టింది. ఊరందరి ముందూ కాలువలోకి దిగింది. చక్రం రెక్క మీద కాలు పెట్టి, మనిషి బరువంతా వేసి ఒక్క తోపు తోసింది. ఎక్కడో కట్టె కిర్రుమంది. చక్రం కదిలింది. ముందు ముసలెద్దులాగా, తర్వాత కొంచెం తొందరగా, ఆ తర్వాత ఇక ఆపితే ఆగనట్టుగా తిరిగింది. రాళ్ళు రెండూ ఒకదాన్నొకటి రాసుకుంటూ చేసిన ఆ గుర్రుమనే శబ్దం నా అరికాళ్ళలో వినబడింది. "తిరిగ్యా!" అని మా నాయన చిన్నపిల్లవాడిలా గంతేశాడు. ప్రెసిడెంటునన్న సంగతి మర్చిపోయి తల్లిని ఎత్తుకుని గట్టు మీద ఉన్న బండ మీద దించాడు. అవ్వ ఏడుస్తూ నిలబడిపోయింది. ఆమె అడుగు తీసి పక్కకు జరిగితే బండ మీద తడి పాదాలు రెండూ అచ్చంగా పడి ఉన్నాయి. ఇందాక గొంతు లేపిన ముసలమ్మే ముందుగా వంగి, ఆ తడిని తాకి కళ్ళకద్దుకుంది. నారప్ప ఎవరికీ వెనకబడే మనిషి కాడు. బొగ్గుముక్క తెచ్చి, తడి ఆరకముందే పాదాల చుట్టూ గీత గీశాడు.

పిండిని గుప్పెడు గుప్పెడు ఇంటింటికీ పంచారు. అందులో తవుడు పోసి శుద్ధి చేసినవాళ్ళు ఎవరూ లేరు. మేరమ్మ గుప్పెడు ఎవరి గుప్పెడుతో కలిసిందో ఎవరికీ పట్టలేదు. చర్చి పాస్టరు గారు ఆ పిండి తినగూడదన్నారట. "రాగులు మేము కోసినవే అయ్యా" అని చెప్పి తినేశానని మేరమ్మ తర్వాత చెప్పింది. మా ఇంట్లో ఆ రాత్రి ఆ పిండితోనే సంగటి. పంటి కింద ఇసక కరకరలాడింది. నాయన నీళ్ళు తాగి తాగి మింగుతున్నాడు. అవ్వ ఒక ముద్ద నమిలి, "మీ నాయన ఇంజను పిండే నున్నగుంటాది పాపా. దీనికేనా మా మామ అన్ని గొప్పలు చెప్పింది!" అని, తన ముద్దంతా ఇసకతో సహా తినేసి, చెయ్యి నాకింది.

ఆ వేసవికి చెరువు అడుగంటింది. మర మళ్ళీ తిరగలేదు. మరుసటేడు వానలు పడకపోతే ఊరు మళ్ళీ కారణం వెతికింది. అమ్మవారిని తిప్పినందుకు అమ్మకే కళ్ళు తిరిగి కోపమొచ్చిందని తేలింది. మా అవ్వ కాలి ఊసెత్తిన వాళ్ళు లేరు. పైగా విత్తనం వేసే రోజు ఇద్దరు ముగ్గురు వచ్చి, ముందు నువ్వే చేన్లోకి అడుగు పెట్టవ్వా అని పిలుచుకుపోయారు. ఆమె పోయింది, అందరికంటే ముందు నడిచి పోయింది. అలా ఒకటి రెండేళ్ళు. ఆ తర్వాత ఒక ఎండాకాలం, నిద్రలోనే, ఎవరినీ లేపకుండా వెళ్ళిపోయింది. ఊళ్ళో కరెంటు మిషన్లు వచ్చాయి, ఇంజను మూలపడింది. నాయన కూడా పోయాక మా చిన్నాయన మరనూ పొలాన్నీ బెంగుళూరు వాళ్ళకు అమ్మేశాడు. నేను ధర్మవరంలో ఉద్యోగంలో పడి మళ్ళీ ఆ వైపు పోలేదు.

రిసార్టులో మధ్యాహ్నం రాగిముద్ద పెట్టారు. నీళ్ళమరలో పట్టిన పిండి అని కరపత్రంలో ఉంది. ఎక్కడా ఇసక తగల్లేదు. వడ్డించే అబ్బాయిని మెల్లగా అడిగితే, "హిందూపురం మిషను పిండే మేడమ్, ఈ చక్రంతో ఏమొస్తాది?" అన్నాడు. భోజనాలయ్యాక అందరం గుడికి పోయాం. రేకులు పోయి పాలరాయి వచ్చింది. తిరుగలమ్మకు పదోన్నతి వచ్చి శ్రీశ్రీశ్రీ చక్రరూపిణీ అమ్మవారైంది. రాతి చుట్టూ వెండి తొడుగు. నారప్ప మనవడు పూజారి. గర్భగుడి ముందు ఆ గట్టు మీది బండ, దాని మీద చెక్కిన పాదాలు, వాటి నిండా కుంకుమ. శిల్పి ఎవరో గానీ బొగ్గుగీతను ఇంచు కూడా తప్పలేదు.

"అమ్మవారు నీళ్ళలో నుంచి నడిచొచ్చి మొదట కాలు పెట్టిన తావు ఇది. కాపురానికి పోయే పిల్లలు ఈ పాదాలకు మొక్కిపోతే అత్తగారింట్లో నీళ్ళకు కరువుండదు" అని పూజారి చెప్పాడు. లెక్కల టీచరు వంగి మొక్కి, లేవబోతూ ఆగింది. "బొటనవేలి కంటే పక్కవేలు పొడుగుండాదే స్వామీ?"

"అది దేవతా లక్షణం తల్లీ. మామూలు మనుషులకుండదు."

ఆ పిల్ల పక్కకు తిరిగి నా కాళ్ళు చూసింది. చూసి, కళ్ళు పెద్దవి చేసింది. వంగి ఆ రాతి వేలి మీద చెయ్యి పెట్టాను. "ఇవి మా అవ్వ పాదాలు" అన్నాను.

పూజారి భక్తిగా తల ఊపాడు. "అవును మేడమ్. ఆయమ్మ అందరికీ అవ్వే."

కాదని చెప్పడానికి పొద్దంతా పడుతుంది, బస్సు హారన్ కొడుతోంది. చెప్పులు చేత్తో పట్టుకుని నడిచి, అందరికంటే ముందు నేనే బస్సెక్కాను. ఏ కాలు ముందు పెట్టానో చూసుకోలేదు.